నాయిన తినడేమోనని

నా చిన్నప్పుడు పీలమేడులో మా వీధికి గడియారం మిల్లు సంగే. సంగు అంటే సైరను. పొద్దున అది కూస్తే మగవాళ్ళు అరుగులు దిగేవారు. మధ్యాహ్నం అది కూసే లోపల కూడు గిన్నెలు మిల్లు గేటు దగ్గరికి చేరాలి. మిల్లువాళ్ళు కట్టించిన వరుస ఇళ్ళలో ఒకటి మాది. మా పెద్దలు ఎన్నో తరాల కింద తెలుగు నేల నుంచి ఈ తమిళ నేలకు వచ్చారని అవ్వ చెప్పేది, ఎప్పుడు వచ్చారో ఆమెకూ తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్ళం, వీధి మలుపు తిరిగితే తమిళం.

బడిలో చేరకముందు నాకొక ఉద్యోగం ఉండేది. అవ్వ జొన్నన్నం, ఉలవపప్పు సర్దిన తూక్కు, అంటే పిడి ఉన్న సత్తు గిన్నె, చేతికి తగిలించుకుని బయలుదేరితే నేను కొంగు పట్టుకుని వెంట నడిచేదాన్ని. సంగు కూయగానే మా నాయిన గేటు దాటి వచ్చేవాడు. తల మీద, కనుబొమల మీద దూదిపొట్టు అంటుకుని ఉండేది. ప్రహరీ నీడలో కూర్చుని మూత తీసి, నా వైపు చూసి నోరు తెరిచేవాడు. నేను ముద్ద కలిపి పెట్టాలి. ఆ తరువాతే ఆయన చెయ్యి గిన్నెలోకి పోయేది.

"పాపా, నీ చేతి ముద్ద పడితేనే నాకు గొంతు దిగేది. నువ్వు రాకుంటే ఆ పొద్దు నేను పస్తే," అనేవాడు.

పక్కన తింటున్నవాళ్ళు నవ్వేవారు. అవ్వ కూడా నవ్వేది. నేను మాత్రం నవ్వలేదు. పని అప్పజెప్పినవాళ్ళ మాట విన్నట్టు విన్నాను.

తరువాత నన్ను బడిలో వేశారు. సరిగ్గా అప్పుడే మా అత్తకు కాన్పని అవ్వ దూరంగా కొండల దగ్గర కంబంలో ఉన్న మా మామ ఇంటికి వెళ్ళింది. అమ్మ చంకలో తమ్ముడు. అందుకని వీధిలో అందరి గిన్నెలూ గంపలో పెట్టుకుని మోసుకెళ్ళే ఒకామెకు మా తూక్కు కూడా అప్పగించారు. ఆమె గంపను గేటు లోపలికి తీసుకుపోయేది. నాయిన లోపలి కొట్టంలోనే కూర్చుని తినడం మొదలుపెట్టాడు.

ఇదంతా పెద్దవాళ్ళు చక్కగా అమర్చుకున్న సంగతి. నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద సంగతి అనుకుని ఉండరు.

బడిలో సంగు బాగా వినిపించేది. అది కూయగానే నేను లేచి పరుగెత్తేదాన్ని. పలక ఎక్కడ పడిందో, ఎవరి కాలు తొక్కానో తెలిసేది కాదు. బడి గేటు దాటి, దూది బేళ్ళ లారీలు పోయే పెద్ద రోడ్డు దాటి, మిల్లు దగ్గర ఆగేదాన్ని. ఖాకీ చొక్కా వాచ్‌మన్‌ను మా నాయిన తిన్నాడా అని అడిగేదాన్ని. "తిన్నాడు తిన్నాడు, పో కణ్ణు," అని కన్నా అన్నట్టు ముద్దుగా అనేవాడు, లోపలికి తొంగి కూడా చూడకుండా. చూడకుండా చెప్పిన మాటను ఎలా నమ్మడం? అక్కడే నిలబడి ఏడుస్తుంటే మా వీధివాళ్ళెవరో చెయ్యి పట్టుకుని మళ్ళీ బడికి లాక్కొచ్చేవారు.

ఇలా ఎన్నిసార్లు జరిగిందో గుర్తు లేదు. బడిలో బెత్తం పడింది. ఇంట్లో అమ్మ బతిమాలింది, నాయిన కోప్పడ్డాడు. బడి అంటే భయమని అందరూ తేల్చేశారు. "బడి బాగాలేదా పాపా?" అని అడిగితే బాగుందనేదాన్ని, నిజంగానే బాగుండేది కాబట్టి. మరి ఎందుకు పోతున్నావంటే తల దించుకునేదాన్ని. నాయిన ఆకలితో ఉంటాడని నాయినకే చెప్పడమేమిటి? ఆ మాట అన్నది ఆయనే కదా.

ఒక రోజు రోడ్డు మీద లారీ ఒకటి నాకు చాలా దగ్గరగా ఆగింది. డ్రైవరు దిగి, నన్ను ఎత్తుకుని తీసుకొచ్చి బడిలో దింపాడు. ఆ సాయంత్రం హెడ్మాస్టరు నాయినను పిలిపించాడు. ఇంకొకసారి పరుగెత్తితే పేరు కొట్టేస్తానని, బుద్ధి తెలిశాక తీసుకురమ్మని చెప్పాడు. నాయిన ఇంటికి వచ్చి అరుగు మీదే కూలబడ్డాడు. "కంబానికి పంపేద్దామే. అవ్వ దగ్గిరే ఉండనీ. ఈడ లారీ కింద పడి చచ్చేదానికంటే అదే మేలు," అన్నాడు. అమ్మ తమ్ముణ్ణి గట్టిగా పట్టుకుని ఏడ్చింది. నాకు కంబమంటే ద్రాక్ష తోటలని తెలుసు. కానీ అక్కడి నుంచి నాయినకు ముద్ద పెట్టడం ఎలాగన్నదే నా బెంగ.

మా ఒకటో తరగతి టీచరమ్మ తమిళావిడ. గట్టిగా మాట్లాడేది కాదు. ఈ ఒక్క వారం ఆగమని ఆవిడ హెడ్మాస్టరును అడిగిందట. తరువాత మా పక్కింటి అక్కను పిలిచింది. అక్క అదే బడిలో అయిదో తరగతి. అక్కకు ఆవిడ చెప్పిన పని విచిత్రమైనది. రేపు ఇది పరుగెత్తితే ఆపవద్దు, రోడ్డు దగ్గర చెయ్యి మాత్రం పట్టుకో, అది ఎక్కడికి పోతే అక్కడికి పో, ఏం చేస్తుందో చూసి నాకు చెప్పు.

మరునాడు సంగు కూసింది. నేను లేచాను. నా పక్కనే ఇంకో జత కాళ్ళు పరుగెత్తడం వినిపించింది.

"మెల్లంగా పోవే, లారీ వస్తాండాది. నేనూ వస్తాండాను గదా," అంది అక్క.

నన్ను పట్టుకోవడానికి కాకుండా నాతో రావడానికి ఒకరు పరుగెత్తడం అదే మొదలు. రోడ్డు దగ్గర నా అంతట నేనే చెయ్యి ఇచ్చాను. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగే మాట అడిగాను, అతను చెప్పే మాట చెప్పాడు. అక్క పక్కన నిలబడి విన్నది. నా ఏడుపు తగ్గేదాకా ఆగి, పావడా అంచుతో నా ముక్కు తుడిచింది.

"మీ నాయిన తినేది తినందీ నీకెందుకే?"

"నేను ముద్ద పెట్టకుంటే తినడు."

"ఎవురు చెప్పిరి?"

"నాయినే."

అక్క నవ్వలేదు. అందుకు నేను ఈ రోజుకీ ఆమెకు రుణపడి ఉన్నాను. "సరి, పద. టీచరుకు చెప్పుదాం," అని మాత్రం అంది.

ఆ సాయంత్రం టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మ కంగారుగా కుర్చీ కోసం పక్కింటికి పరుగెత్తబోతే వద్దని అరుగు మీదే కూర్చుంది. సంగతి విని నాయిన మొదట పకపకా నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. భుజం మీది తువ్వాలుతో ముఖం అదేపనిగా తుడుచుకున్నాడు.

"నేను ఊరికే అంటిని టీచర్. ఆటకంటిని. అది ఇంత మనసులో పెట్టుకోనుండాది."

నన్ను దగ్గరికి తీసుకుని, నువ్వు రాకపోయినా నేను కడుపునిండా తింటున్నాను పాపా అని ఒట్టు వేశాడు. నేను తల ఊపాను కానీ నమ్మలేదు. పిల్లలు బాధపడకూడదని పెద్దవాళ్ళు ఇలాంటివి చెబుతారని నాకు అప్పటికే తెలుసు. నా ముఖం చూసి టీచరమ్మకు అర్థమైందనుకుంటాను. ఆవిడ నాతో వాదించలేదు. అమ్మను ఒక ప్రశ్న అడిగింది. తూక్కు సర్దేది పాప బడికి బయలుదేరకముందా, తరువాతా? ముందేనంది అమ్మ.

"అయితే ముద్ద ఇంట్లోనే పెట్టనివ్వండి," అంది టీచరమ్మ.

మరునాడు పొద్దున అమ్మ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. నేను జొన్నన్నం, పప్పు కలిపి, ముద్ద చేసి, అరటాకు ముక్కలో చుట్టాను. దాన్ని తూక్కులో అన్నిటికన్నా పైన ఉంచి నేనే మూత పెట్టాను. మూత తీయగానే ముందుగా అదే తినాలని నాయినకు చెప్పాను. ఆయన కూడా నాలాగే గంభీరంగా తల ఊపాడు.

మధ్యాహ్నం అయిదో తరగతి నుంచి అక్క వచ్చి నా పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వరండాలో హెడ్మాస్టరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. వారం గడువుకు అదే చివరి రోజు, ఈ రోజు లేచి పరుగెత్తితే నేను కంబానికి పోతానని తరగతిలో అందరికీ తెలుసు. సంగు కూసింది. నా కాళ్ళు నన్నడగకుండానే లేచాయి. అక్క నన్ను పట్టుకోలేదు. తానూ లేచి నిలబడి, చెయ్యి చాపి ఊరుకుంది.

"ఇప్పుడు చెయ్యి కడుక్కుంటాండాడు మీ నాయిన," అంది, ఏదో కిటికీలోంచి చూస్తున్నట్టు. "కూర్చునె. మూత తీసె. ఆకు విప్పుతాండాడు. ఏమే, ఉప్పు ఎక్కువేస్తివా? మొగం అట్లా పెట్టినాడే?"

"నేనెయ్యలేదు. అమ్మే ఏసింది," అన్నాను.

"అట్లయితే తప్పు లేదు. నోట్లో వేసుకునె. నములుతాండాడు. ఆఁ, గొంతు దిగె."

నేను కూర్చున్నాను. ఎప్పుడు కూర్చున్నానో నాకే తెలియదు. అక్క నా గిన్నె మూత తీసి ముందుకు జరిపింది. బడిలో మధ్యాహ్నం పూట నేను అన్నం తినడం అదే మొదటిసారి. తలెత్తి చూసేసరికి వరండాలో హెడ్మాస్టరు లేడు. టీచరమ్మ బల్ల దగ్గర కూర్చుని తన డబ్బా విప్పుకుంటోంది, ఏమీ జరగనట్టు.

సాయంత్రం నాయిన వీధి మలుపు తిరుగుతూనే చొక్కా జేబులోంచి అరటాకు ముక్క తీసి ఊపుతూ వచ్చాడు. మెతుకు లేకుండా ఉంది. "ముద్ద చిన్నదాయె పాపా. రేపు కొంచెం పెద్దది పెట్టు," అన్నాడు. ఆ రోజు దీపం పెట్టేలోపే నిద్రపోయానని అమ్మ చాలా ఏళ్ళు చెప్పుకునేది. గుండెల మీది రాయి దింపి నిద్రపోయినట్టు పడుకున్నావే అనేది.

కొంతకాలానికి ఒక పొద్దున ఆటల ధ్యాసలో ముద్ద చేయడమే మరచిపోయాను. సాయంత్రం గుర్తొచ్చి నాయిన ముఖంలోకి చూశాను. ఆయన మామూలుగానే ఉన్నాడు, కాళ్ళు కడుక్కుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ విధంగా నా ఉద్యోగం ముగిసింది.

టీచరమ్మ మాత్రం దాన్ని అంతటితో వదలలేదు. మరుసటి ఏడు నుంచి ఒకటో తరగతిలో చేరిన ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ అయిదో తరగతి నుంచి ఒక అక్కనో అన్ననో జత చేసింది. నా వంతు వచ్చినప్పుడు నాకూ ఒక చిన్నది దొరికింది.

పెద్దయ్యాక పత్రికలో చేరి, వార్తల కోసం ఎందరి వెంటనో తిరిగాను. ప్రశ్నలు వేయడమే వృత్తి అయిన చోట, ముందు నాలుగడుగులు కలిసి నడిచి ఆ తరువాత అడగడం నాకు ఆ రోడ్డు దగ్గరే అలవాటైంది. పరుగెత్తేవాళ్ళు దేని నుంచో పారిపోతున్నారనే మనం అనుకుంటాం. చాలామంది దేని దగ్గరికో పోతుంటారు.

ఇప్పుడు సూలూరు దగ్గర మా కోడలు పనిచేసే ప్రాథమిక పాఠశాలలో ఇవన్నీ పద్ధతిగా చేస్తున్నారు. గోడ మీద నక్షత్రాల చార్టు ఉంది, పిల్లలకు మెంటర్లున్నారు, మంచి పని చేసినవాళ్ళను పేరు పెట్టి మెచ్చుకుంటారు. బెత్తం ఎక్కడా కనబడదు. ఊరికే కూర్చునే ముసలివాళ్ళను కూడా వారానికొకసారి రమ్మంటున్నారు. నాకు రెండో తరగతి పిల్ల ఒకతిని అప్పగించారు. అది పాఠం మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోతుంది. నేను ఎక్కడికని అడగను, చెప్పులు వేసుకుని వెంట నడుస్తాను. వెనక గోడ దాకా పోయి, కాసేపు నిలబడి, ఇద్దరం తిరిగి వస్తాం. ఎందుకో ఇంకా చెప్పలేదు. తొందరేమీ లేదు. పోయిన మంగళవారం అది లేచి గడప దాకా వెళ్ళి ఆగింది. వంగి, నా కాళ్ళకు అందేటట్టు నా చెప్పులు ఇటు తిప్పి పెట్టి, నేను లేచేదాకా అక్కడే నిలబడింది.