మా ఆవిడ చరణం, నా మాక్ డ్రిల్

క్రిస్మస్‌కు వారం ముందు మా చర్చి వాళ్ళు ‘వెలుగుల బాట’ వేశారు. కంది ఊరు దాటాక హైవే పక్కన చర్చి, దాని వెనక ఎకరంన్నర ఖాళీ జాగా. ఆ ఎకరంన్నరలో మా యూత్ వాళ్ళు చుట్టిన సీరియల్ బల్బుల సెట్లన్నీ విప్పి నేల మీద పరిస్తే ఇక్కడి నుంచి బేత్లెహేముకు నడిచి వెళ్ళి, నాలుగు రోజులు ఉండి, దీపాలు పట్టుకునే తిరిగి రావచ్చు. బాలయేసును వెతుక్కుంటూ వెళ్ళిన జ్ఞానులకు ఒక్క నక్షత్రం సరిపోయిందట. మాకు వంద కట్టారు, అయినా దారి తప్పుతామని కింద బాణం గుర్తులు గీశారు. మంచు కోసం సంఘంలోని ఒక రైతు, రంగు మారిందని మిల్లువాళ్ళు వద్దన్న పత్తిని ట్రాక్టరుతో తెచ్చి పోశాడు. పసుపురంగు మంచు లోకంలో మరెక్కడా కురిసి ఉండదు.

ఈ మహా వైభవంలో మా ఇంటికి సంబంధించింది ఒక్కటే. బాట చివర, యేసు పుట్టుకను చూపే పశువుల పాక ముందు, మా ఆవిడ ఒక చరణం ఒంటరిగా పాడాలి.

పందొమ్మిదేళ్ళుగా ఆమె పాటల బృందంలో వెనక వరస. ముందు నిలబడేవాళ్ళ కొప్పులు తప్ప సంఘం ముఖం ఆమె చూసి ఎరగదు, సంఘం ఆమె గొంతును విడిగా విని ఎరగదు. అంగన్‌వాడీలో నలభై మంది పిల్లలను ఒక్క పాటతో నిద్రపుచ్చే గొంతు అది. ఈ ఏడు మా పాస్టరు అయ్యగారికి ఏ దర్శనం కలిగిందో, “మూడో చరణం నువ్వొక్కదానివే పాడమ్మా” అన్నారు. దసరా నుంచి మా ఇంట్లో ఆ చరణమే తిన్నాం, ఆ చరణమే తాగాం.

ఆమె ముఖ్యమైన రోజుల్లో నేను ఇంట్లో లేకపోవడం మా కుటుంబ సంప్రదాయం. నేను బొల్లారంలో ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జిని. పాప పుట్టినప్పుడు షిఫ్టు. కొత్తింట్లో ప్రార్థన పెట్టుకున్నప్పుడు షిఫ్టు. అందుకే ఆ సాయంత్రం బయలుదేరే ముందు నాకు ఆజ్ఞలు జారీ అయ్యాయి.

“ముందటి వరుసల నిలబడాలె. ఫోన్ మోగినా, మీ మేనేజర్ ఏడ్సినా కదలొద్దు. ఆఖరి మాట అయ్యేదాక నా మొకమే సూడాలె.”

“ఇరవై ఏండ్ల సంది నీ మొకమే చూస్తున్న కదనే.”

“షిఫ్టుల నుంచా?”

నేను, మా అమ్మ, మా అమ్మాయి వెలుగుల బాటలో నడిచాం. మా అమ్మ ఒక్కో నక్షత్రం కింద ఆగి నిట్టూర్చింది.

“ఏంది కొడుకా గిన్ని లైట్లు? యేసయ్య పుట్టిన్నాడు గా పాకల దీపమన్న ఉండెనో లేదో.”

“నానమ్మా, ఫోటో తీస్తున్న, జెర నవ్వు.”

“కట్టుడు పండ్లు పెట్టుకోలె బిడ్డా. నవ్విన ఫోటో రేపు తీస్కో.”

జనం మూడు వందల మందికి పైనే. సంఘం వాళ్ళతోపాటు పక్క ఊరి వాళ్ళు కూడా పిల్లలను ఎత్తుకుని దీపాలు చూడటానికి వచ్చారు. ముఖాలన్నీ తెలిసినవే. ప్రతి ఇంట్లోనూ కనీసం ఒకరు ఏదో ఒక ఫ్యాక్టరీ గేటులో కార్డు కొట్టేవాళ్ళు. పాకలో యోసేపు వేషం కట్టినతను కూడా పాశమైలారంలో బాయిలర్ ఆపరేటరే.

ముందు వరసలో, సరిగ్గా మైకు ఎదురుగా నిలబడ్డాను. ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. రెండు చరణాలు బృందం పాడింది. మా ఆవిడ ముందుకు వచ్చింది. కళ్ళతోనే నన్ను వెతికి, ఉన్నానని నమ్మలేక ఇంకోసారి చూసింది. గొంతు ఎత్తింది.

సరిగ్గా అప్పుడే మా యూత్ వాళ్ళకు వైభవం ఇంకా పెంచాలనిపించింది. పెళ్ళిళ్ళలో వధూవరుల కాళ్ళ దగ్గర పొగ వదిలే మిషన్‌ను కిరాయికి తెచ్చి పాక వెనక దాచారు. దాన్ని ఆన్ చేశారు. భక్తి మరీ ఎక్కువైన ఎవరో అందులో మల్లె సెంటు కూడా ఒంపారు.

మా ప్రాంతం సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా దగ్గర కంపు కొడితే ఎవరూ తల తిప్పరు, అది రోజూ ఉండేదే. మంచి వాసన వస్తేనే భయం, ఏ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైందోనని. తెల్లటి పొగ నేల బారుగా, తియ్యటి వాసనతో పాకుతూ వస్తుంటే అది క్రిస్మస్ అని మాలో ఎవరూ అనుకోరు.

నేనూ అనుకోలేదు. నా చెయ్యి దానంతట అదే లేచింది.

“గాలికి అడ్డంగా నడువుండ్రి! ముక్కుకు తడిగుడ్డ! ఉరుకొద్దు! అసెంబ్లీ పాయింటు పార్కింగే! అందరు ఆడికే!”

ఇంకో ఊళ్ళో అయితే తొక్కిసలాట జరిగేది, లేదా నన్ను చూసి నవ్వేవాళ్ళు. మావాళ్ళు తలలెత్తి, నక్షత్రాల కాగితపు తోకలు ఎటు ఊగుతున్నాయో చూసి, గాలికి అడ్డంగా తిరిగారు. నీళ్ళ సీసాలతో రుమాళ్ళు తడిపారు. బృందం పాటల పుస్తకాలు మూసింది. యోసేపు ఒక చేత్తో మరియమ్మను లాక్కుని, చంకలో బాలయేసు బొమ్మను ఇరికించుకుని అందరికన్నా ముందు నడిచాడు. ఆ యోసేపు బిడ్డ ప్రాణం కోసం ఐగుప్తుకు పారిపోయినప్పుడు కూడా అంత త్వరగా బయలుదేరి ఉండడు. ఎలక్ట్రీషియన్ ఒకాయన పోతూ పోతూ మెయిన్ దించేశాడు. వంద నక్షత్రాలు ఒక్కసారిగా రాలిపోయాయి.

నాలుగు నిమిషాల్లో పార్కింగులో వరసలు తయారు. ఏడాదికి రెండుసార్లు ఫ్యాక్టరీల్లో ఉత్తుత్తి ప్రమాదానికి చేసే మాక్ డ్రిల్ కూడా అంత అందంగా ఎప్పుడూ జరగలేదు. గర్వంతో నా ఛాతీ చొక్కా గుండీలను పరీక్షిస్తోంది. లెక్క మొదలుపెట్టాను. మా అమ్మ ఒకటి, మా అమ్మాయి రెండు.

“కోడలేది రా?” అంది మా అమ్మ.

నా ఛాతీ ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పోయింది.

“అక్కడనే ఉన్నది డాడీ. పాడుతనే ఉన్నది. ఇనబడ్తలేదా?” అంది అమ్మాయి.

తడి రుమాలు కట్టుకుని, ఫోన్ టార్చి పట్టుకుని వెనక్కి పరుగెత్తాను. ఆమె నడుము దాకా పొగలో నిలబడి, పని చేయని మైకు ముందు, పాకలోని చెక్క ఎద్దుకు పాడుతోంది. ముందు వరసలో నా స్థానంలో నేను నిలబడ్డాను. ఆఖరి మాట దాకా పాడింది.

“యాడికి పోయినవ్?”

“గ్యాస్ అనుకున్న.”

“మల్లె సెంటది. నా ముందటనే పోసిండ్రు.”

“మరి చెప్పొచ్చు కదా?”

“పాట నడుమ ఎట్ల చెప్తరయ్యా?” పుస్తకం మూసింది. “పందొమ్మిదేండ్లకు ఒక్క చరణం. ఎద్దుకు ఇనిపిచ్చిన.”

ఆమె కోప్పడి ఉంటే జవాబులు నా దగ్గర బస్తాల కొద్దీ ఉన్నాయి. ఆమె కోప్పడలేదు.

ఇంతలో సంఘపెద్ద చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. “ఏం లేదట గద తమ్మీ! జల్దీ ఆల్ క్లియర్ చెప్పు. లైట్లేసి కేకు కోద్దాం, టైమైంది.”

“చరణం?”

“చెల్లె పాడింది గద. అయిపాయె.”

మా ప్రాంతంలో సైరన్ ఎవరు మోగిస్తే ఆల్ క్లియర్, అంటే ఇక ప్రమాదం లేదన్న మాట, వాళ్ళే చెప్పాలి. అప్పటిదాకా వరసలోంచి కాలు తీయడం మహాపాపం. మా ఆవిడ చెయ్యి పట్టుకుని పార్కింగుకు తీసుకొచ్చాను. మూడు వందల మంది నోరెత్తకుండా నిలబడి ఉన్నారు. డ్రిల్ ఎన్నడూ చేయని ముసలివాళ్ళు కూడా పక్కవాళ్ళను చూసి కొలత పెట్టినట్టు నిలబడ్డారు.

“ఆల్ క్లియర్ ఇంక ఇయ్యలె. ఎవ్వరు కదలొద్దు” అన్నాను. ఆమె వైపు తిరిగి, “ఇగ పాడు” అన్నాను.

“గిదేం పద్ధతి తమ్మీ?” అన్నాడు పెద్ద.

“సేఫ్టీ అన్నా. మీరు కూడ వరుసల నిలబడుండ్రి.”

ఆయన నిలబడ్డాడు. నలభై ఏళ్ళు ఫ్యాక్టరీలో చేసిన మనిషి, కాళ్ళకు ఇంకో దారి తెలియదు.

మైకు లేదు, దీపాలు లేవు. హైవే మీద లారీల లైట్లు ఒక్కొక్కటిగా ఆమె ముఖం మీదుగా పోతున్నాయి. మొదటి మాట వణికింది. రెండో మాటకు వణుకు పోయింది. అయ్యగారి ప్రసంగానికి కూడా మా సంఘం అంత నిశ్శబ్దాన్ని ఎన్నడూ సమర్పించలేదు. చంటిపిల్లలు సైతం ఆల్ క్లియర్ కోసం ఆగినట్టు ఆగారు.

పాట అయిపోయింది. నేను ఆల్ క్లియర్ అన్నాను. ఎవరూ కదల్లేదు. వినబడలేదేమోనని ఇంకా గట్టిగా అన్నాను.

“ఉండు అన్నా, ఇనబడ్డది,” అన్నాడు యోసేపు, బొమ్మను చంక మార్చుకుంటూ. “అక్కను ఇంకోటి పాడనియ్యి.”

సంఘపెద్ద గడియారం చూసుకున్నాడు. మా ఆవిడ కొంగు సర్దుకుని, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

“మీరు కేకు కోస్తుండుండ్రి అన్నా. నేను మొదటి చరణం సంది ఎత్తుకుంట.”