బావ తాడు, నా బార

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. కొండల్లో పెద్ద చెట్లు వెతికి, రెండు చేతులూ చాపి నా బారతో కొలిచి నోటుబుక్కులో రాసుకోవడం నా పిచ్చి. నందిగాం అవతలి కొండమీద పెద్ద మద్దిచెట్టుందని విని, అక్కుపల్లిలో చేపలవేటకెళ్లే మా అక్క భర్తను తోడు తీసుకెళ్లాను. ఆయన బారకో ముడి వేసిన వలతాడు తెచ్చాడు.

“నీ చేతులు పొడుగు బావా. నీ బార నా పుస్తకంలోకి రాదు” అన్నాను.

“సెట్టెనకాల లోయుంది, ఎల్లకు మరదలా.”

వినలేదు. మానుకి చెంప ఆనించి, చేతులు చాపి, బారకో సుద్దగీత పెడుతూ చెట్టు వెనకవైపుకి సాగాను. మూడో బార దగ్గర, దాటి వచ్చిన మట్టంతా లోయలోకి జారిపోయింది. మానుని కరుచుకుని బిగుసుకుపోయాను.

బావ తాడు ఒక కొస తను పట్టుకుని, రెండోది నాకు విసిరాడు. “నడుంకి కట్టుకోని, సెట్టు పట్టుకుని అటేపునించి తిరిగొచ్చీ. వాదన తరవాత సూసుకుందుం.”

అలాగే వచ్చాను. చూస్తే తాడు మానుచుట్టూ తిరిగి ఉంది. బావ తాపీగా ముడులు లెక్కపెట్టి, “అయిదు” అన్నాడు.

నా బారతో ఆరుంటుందని నోటిదాకా వచ్చింది. నడుముకున్న తాడు చూసుకుని అయిదనే రాశాను. నేను వాదించకుండా ఒప్పుకున్న లెక్క అదొక్కటే. పక్కన ‘బావ బార’ అని కూడా రాశాననుకోండి.