రావణుడి నెత్తిమీది పక్షి

జగిత్యాలలో ఒక పళ్ల డాక్టరు దగ్గర కట్టుడు పళ్లు తయారుచేయడం నా పని. ఒకరోజు గంభీరావుపేట అవతలి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కోరుట్లలో ఉండే బిడ్డ తోడు వచ్చింది. ఆయన ముందుపళ్లన్నీ ఊడిపోయి ఉన్నాయి. తినడానికి ఇబ్బందా అని డాక్టరు అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తిండికేంది సారూ, పిసుక్కొని తింట. మా ఊళ్లె చిరుతల రామాయణం ఆడుతం. రావణుడి ఏషం నాదే. సీతా అంటే ఫీతా అని అత్తుంది. గట్లంటే జనం నవ్వరా?"

డాక్టరు నన్ను లోపలి గదిలోంచి పిలిచాడు. నేను దవడ కొలతలు చూస్తుంటే ఆయన బిడ్డ ఫోన్‌లో నిరుటి ఆట వీడియో చూపించింది. చేతుల్లో తాళం వేసే చెక్క చిరుతలు, కాళ్లకు గజ్జెలు, కాటుకతో దిద్దిన మీసం. నా చూపు కిరీటం మీద ఆగిపోయింది. బొమ్మను ఆపి, వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఎర్రరంగు, బంగారు కాగితం, అద్దం ముక్కలు, నెమలీకలు. వాటి కింద ఒక ఆకారం ఉంది. గుండ్రటి తోలు బుర్ర, దానిమీద సన్నటి మెడ, ఆ మెడమీద నలుచదరపు పలక. నుదుటి దగ్గర రెక్కలు విప్పిన పక్షి.

అది పాతకాలపు జర్మన్ గుర్రపు దళంలో బల్లెం పట్టే ఉలాన్ల టోపీ. అంచుల పనితనం చూస్తే సిపాయిది కాదు, అధికారిది.

ఈ పాత సైనిక టోపీల పిచ్చి నాకు దుబాయ్‌లో పట్టుకుంది. అక్కడ పళ్ల ల్యాబులో పనిచేసే రోజుల్లో సెలవు పూట పాత వస్తువుల అంగళ్లలో తిరిగేవాణ్ణి. ఒక అంగట్లో నడినెత్తిన కొనదేలిన ముల్లుతో జర్మన్ సిపాయిల నల్లటి తోలు టోపీ కనిపించింది. ఎందుకో వదలబుద్ధి కాలేదు. తర్వాత హుస్సార్లనే గుర్రపు సిపాయిల బొచ్చుటోపీ ఒకటి దొరికింది. మా ఊరు కోరుట్లకు తిరిగొచ్చాక కూడా రాత్రీ పగలూ ఫోన్‌లో వాటి గురించే వెతికేవాణ్ణి. బీరువాలో చీరలు పెట్టుకునే అర నేను ఆక్రమించుకున్నానని మా ఆవిడ సాధించేది. ఉలాన్ టోపీ మాత్రం నాకు ఎన్నడూ అందలేదు. అది ఇప్పుడు సిరిసిల్ల అవతల రావణుడి నెత్తిమీద ఉంది.

ఆ పళ్లు నేను చేసినంత శ్రద్ధగా మరెవరికీ చేయలేదు. పెట్టుకున్నాక ఆయన అద్దంలో చూసుకుని "సీతా! ఓ సీతా!" అని గదిలోనే గొంతెత్తాడు. బయట కూర్చున్న వాళ్లంతా తొంగిచూశారు. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ చేతుల్లో నా చేతులుండగానే, మీ కిరీటం ఒకసారి చూడొచ్చా అని అడిగాను.

తర్వాతి ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. పెట్టె తెరిచి, పాత చీర ముక్క విప్పి, కిరీటాన్ని నా ఒళ్లో పెట్టాడు.

"మా తాత నిజాం రాజుకాడ గుర్రాలకు దాణా పెట్టెటోడు. లష్కర్‌తోని సముద్రమవతల లడాయికి పోయిండు. ఆడికెల్లి తెచ్చిండట. గీ పక్షిని సూషిండ్రా? జటాయువు. సంపిన పక్షినే నెత్తిమీద పెట్టుకున్నడు రావణుడు. గంత మదం వానికి."

ఏటా ఆటకు ముందు దానికి కొత్త రంగు వేస్తారట. తాత తర్వాత నాయన, నాయన తర్వాత తాను.

"బాపూ, ఇది చాలా బరువు. మీ వయసుకు మెడ నొప్పి పుడుతుంది. నేను హైదరాబాద్ నుంచి కొత్త కిరీటం తెప్పిస్తాను. తేలిగ్గా ఉంటుంది, మెరుస్తుంది. ఇది నాకిస్తారా? భద్రంగా దాచుకుంటాను" అన్నాను.

ఆయన భార్య, "ఇయ్యాళ రేపు ఎవలు అడుగుతరు గీ పాత సామాను" అని నవ్వింది. ఆయన నాలుకతో కొత్త పళ్లను ఒకసారి తడుముకున్నాడు.

"మీరు నోరిచ్చిండ్రు నాకు. అడిగినంక లేదని ఎట్లంట సారూ? తీస్కపోండ్రి."

కాదనలేడని నాకు తెలుసు. తెలిసే అడిగాను.

ల్యాబులో పని అయిపోయాక దాన్ని ముందు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. పళ్లు చెక్కే సన్నటి పనిముట్లతో రంగు గీకాను. ఎరుపు కింద నీలం వచ్చింది, నీలం కింద పసుపు, దాని కింద ముతక ఎరుపు మళ్లీ. లోపల కుట్టిన పాత గుడ్డల మెత్త కత్తిరించి తీసేశాను. రాలిన పొడి, కాగితాలు, అద్దం ముక్కలు అన్నీ కలిపి చెత్తబండిలో వేశాను. చివరికి నల్లటి తోలు నిగనిగలాడింది. పక్షి బంగారు పూత అక్కడక్కడా ఇంకా మిగిలే ఉంది. టోపీలు సేకరించేవాళ్ల గ్రూపులో ఫొటోలు పెడితే ఎక్కడెక్కడి దేశాల వాళ్లో మెచ్చుకున్నారు. అంత సంతోషం నేను చాలా కాలంగా ఎరగను.

వేసవిలో ఆటకు రమ్మని పెద్దాయన ఫోన్ చేశాడు. సాయంత్రం ఎండ తగ్గాక మొదలైంది. కొత్త కిరీటం ధగధగ మెరుస్తోంది. ఆయన ప్రతి మాటా స్పష్టంగా పలుకుతుంటే నాకు గర్వంగా అనిపించింది. జటాయువు కూలింది. మద్దెల ఒక్కసారిగా ఆగింది. ఆయన చిరుత ఎత్తి నుదుటి మీద కొట్టుకున్నాడు.

తోలుకూ ఇత్తడికీ తగలాల్సిన దెబ్బ ప్లాస్టిక్ మీద టప్‌మంది. ఆయన చేయి అక్కడే ఆగిపోయింది. వేళ్లతో నుదురు తడిమాడు. పక్కనున్న ముసలామె తన మనవరాలితో, "గిప్పుడు పక్షి ఖంగున మోగాలె. మేమంతా లొల్లి జేస్తుంటిమి" అంది. మద్దెల మళ్లీ అందుకుంది, ఆయనా అడుగు కలిపాడు. నేను ఆట అయ్యేదాకా ఉండలేకపోయాను.

వారం తిరక్కుండా టోపీ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తల మీద పెట్టుకుంటే లోపలి మెత్త లేక కనుబొమల మీదికి జారింది.

"మంచిగ తోమిండ్రు సారూ. ఎవలో దొర టోపీ లెక్క అయింది."

"మళ్లీ రంగులు వేయిద్దాం బాపూ. ఫొటోలున్నాయి. ఎలా ఉండేదో అలాగే..."

"మా నాయిన ఏసిన రంగు మీరెట్ల ఏస్తరు?"

కోపం లేదు ఆ మాటలో. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. వాళ్లావిడ చాయ్ ఇచ్చింది, తాగాను. తిరిగి తీసుకుపొమ్మని ఆయన ఎంత చెప్పినా వినకుండా దాన్ని అక్కడే వదిలి వచ్చేశాను. అలా చేస్తే మనసు తేలికవుతుందనుకున్నాను. సిరిసిల్ల బస్టాండు వచ్చేసరికే కాలేదని తెలిసింది.

ఈ ఏడు మళ్లీ వెళ్లాను. రావణుడు ప్లాస్టిక్ కిరీటంతోనే ఆడాడు. నుదుటి మీద కొట్టుకునే ఆ ఘట్టాన్ని పూర్తిగా తీసేశాడు. జర్మన్ అధికారి టోపీ మాత్రం లంక వాకిట కాపలా కాసే రాక్షసుడి నెత్తిమీద ఉంది. హనుమంతుడు గదతో ఒక్కటిచ్చి దాన్ని కిందికి దొర్లిస్తే జనం విరగబడి నవ్వారు. పలక అంచు నేలకు తగిలి సొట్టపడటం నాకు కనిపించింది. అయినా టోపీ కోసం బాధ రాలేదు.

నేను జనం వెనక నిలబడి ఉన్నాను. వేషం మీదున్న పెద్దాయన నన్ను ఎలా గుర్తుపట్టాడో, "సారుకు కుర్చీ ఎయ్యుండ్రి" అని కేకేశాడు. అందరికంటే ముందు కుర్చీ వేశారు. వద్దంటే వినలేదు. కూర్చున్నాను. ఆయన నా ఎదురుగానే ఆడుతున్నాడు. గజ్జెల కాళ్లను చూస్తూ ఉండిపోయాను. తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను.