రీమ్ జింక పిల్లను ఎత్తుకున్న శుక్రవారం

"ఎడారిలో చూడ్డానికి ఏముంది, ఇసుక తప్ప?" అన్న మావారి మాట వింటే ఈ ప్రయాణం జరిగేదే కాదు. 2007 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం ఆయన ఆఫీసు పనిలో మునిగిపోయారు. షార్జా అల్ నహ్దాలో మా పక్క ఫ్లాట్లో వంట చేసే మాబున్ని అనే అమ్మాయి, అల్ ఐన్‌లో జింకల ఫామ్‌లో పనిచేసే వాళ్ళన్నను చూడాలని బయల్దేరుతూ, "ఒక్కదాన్నే పోవాలంటే భయంగా ఉండాది, నువ్వు రాకూడదాక్కా?" అని అడిగింది. నేను అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాను.

ఏడింటికల్లా షార్జాలో అల్ ఐన్ వ్యాన్లు ఆగే చోటికి చేరాం. "బహన్ లోగ్ ఆగే, యల్లా యల్లా!" అని పఠాన్ డ్రైవర్ మమ్మల్ని ముందు సీట్లోకి తరిమాడు. వెనక కూర్చున్న మలయాళీ పెద్దమనిషి ఎక్కడికని హిందీలో అడిగాడు. జింకల ఫామ్‌కి అన్నాను. "తినడానికా, చూడ్డానికా?" అన్నాడు. చూడ్డానికే అనగానే ఆసక్తి పోయి, అల్ ఐన్ వచ్చేదాకా గురక పెట్టాడు.

ఊరు దాటాక తెల్ల ఇసుక పోయి ఇటుక రంగు తిన్నెలు మొదలయ్యాయి. మాబున్ని వాటివైపు చూడనేలేదు. ఆమెది రాయచోటి. పది నెలల కూతుర్ని అత్త చేతిలో పెట్టి వచ్చి ఏడాది దాటింది. ప్రతి శుక్రవారం ఫోన్ చేసి "అమ్మా అనమ్మా, ఒక్కసారి అను" అని బతిమాలుతుంది. ఆ పిల్ల ఫోన్ పారేసి, నాయనమ్మ కొంగులో దూరి, ఆమెనే అమ్మా అంటుంది.

"పెంచినోళ్ళదే బిడ్డ అంటారు కదక్కా. నేను పొయ్యేసరికి నన్ను అమ్మని కానుకుంటాదో లేదో" అంది.

నాకు నోరు తక్కువేం కాదు. కానీ ఆ మాటకు బ్యాగులోంచి బత్తాయి తీసి ఒలిచి పెట్టాను.

తొమ్మిదిన్నరకు అల్ ఐన్‌లో దిగేసరికి మాబున్ని అన్న మస్తాన్ పికప్‌తో వచ్చి ఉన్నాడు. చెల్లెలు తెచ్చిన సజ్జ రొట్టెలు, చెనిక్కాయల పొడి అక్కడే రుచి చూశాకే బండి కదిలించాడు. ఫామ్ ఒక ముసలి అరబ్బుది. ఆయనకు జింకలంటే ప్రాణం. కనుచూపు మేర ఎడారికి కంచె వేసి, రీమ్ అనే ఇసుక జింకలను అందులో వదిలి పెంచుతున్నాడు. ఏళ్ళ తరబడి గొర్రెల దగ్గర చేసిన మస్తాన్‌ను ఈమధ్యే వీటి దగ్గరికి మార్చారు.

జింకల్ని చూస్తూ కంచె లోపల నడుస్తుంటే ఒక పొద పక్కన మాబున్ని కాలు ఆగిపోయింది. ఇసుకకు అతుక్కుపోయి, చెవులు వాల్చుకుని, పుట్టి రెండు రోజులు కూడా కాని పిల్ల! చుట్టుపక్కల తల్లి జాడే లేదు.

"అయ్యో తల్లీ, వదిలేసి పోయిందే!" అంటూ మాబున్ని ఒక్క ఉదుటున ఎత్తి గుండెకు హత్తుకుంది. "ఒంటిగా పడుండే గొర్రెపిల్లంటే తల్లి కాదనుకున్నట్టే, మేడం. మేం పుట్టినకాడ్నుంచి అట్లా వాటిని పాలు పట్టే సాకినాం" అంటూ మస్తాన్ కూడా తన గది వైపు దారి తీశాడు. నేనూ చంకలు గుద్దుకుంటూ వెనకే వెళ్ళాను.

పాలడబ్బా మూత తీశాక, ఎన్ని పట్టాలో అడుగుదామని మస్తాన్ పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు. సూడాన్ ఆయన. ఆయన అరుపు నాక్కూడా వినిపించింది. మస్తాన్ ఫోన్ దించి మావైపు తిరిగాడు.

"మాఫీ హలీబ్ అంటాండాడు. పాలూ వద్దు, గీలూ వద్దంట. తీసిన చోటనే పెట్టేసి దూరం పొమ్మన్యాడు."

డాక్టరు చెప్పింది ఇదీ. గొర్రెపిల్ల తల్లి వెంట తిరుగుతుంది, జింకపిల్ల దాక్కుంటుంది. దాని ఒంటికి వాసన తక్కువ. తల్లి పక్కనే మేస్తే నక్కకు చోటు తెలిసిపోతుంది. అందుకే తల్లి కావాలనే దూరంగా ఉండి, వేళకు వచ్చి పాలిచ్చి, నాకి వెళ్ళిపోతుంది. డబ్బా పాలు పడితే విరేచనాలు పట్టుకుని పిల్ల చచ్చినా చావొచ్చు. మన చేతి వాసనకు తల్లి మామూలుగా వెలివేయదట. మనుషులు అక్కడే నిలబడితేనే రాదట.

"రాకపోతే?" అంది మాబున్ని. మస్తాన్ పాలడబ్బా మూత బిగించాడు.

మా చెప్పుల జాడల వెంటే నడిచి ఆ పొద దగ్గరికి వెళ్ళాం. దింపగానే ఆ పిల్ల పడుకోకుండా, వణికే కాళ్ళతో మాబున్ని వెనకే రెండడుగులు వేసింది. నా ప్రాణం ఉసూరుమంది. "తిరిగి చూడాకు మ్మే, నడువు!" అన్నాడు మస్తాన్. ఏడుస్తూనే నడిచింది, వెనక్కి మాత్రం చూడలేదు.

జుమ్మా నమాజు చేసుకొచ్చి మస్తాన్ మటన్ పులుసు, ఖుబ్బూస్ రొట్టెలు పెట్టాడు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను, మాబున్ని ముద్ద ముట్టలేదు. నాలుగింటికి బయల్దేరేవరకూ తల్లి జింక జాడ లేదు. జింకలు ఈనే ఆ సీజన్లో అటు వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెప్తాను: ఒంటరి పిల్ల కనబడితే ముట్టుకోకండి, జాలి ఎంత పొంగినా సరే.

తిరుగు వ్యాన్ ఎక్కాం. ఇసుక తిన్నెల మీద పొద్దు వాలుతుండగా నా మొబైల్ మోగింది. మస్తాన్!

"వచ్చింది మేడం! మీరు పోయినంక వచ్చి, వాసన చూసి, నాకి, పాలిచ్చి పోయింది. మళ్ళా యాడనో దూరంగా నిలబడి ఇటే చూస్తాండాది."

మాబున్ని దుపట్టాలో మొహం దాచుకుని నవ్వింది, ఏడ్చింది. "ఏమైంది బహన్?" అని డ్రైవర్ కంగారుపడ్డాడు. "ఏం లేదు భాయ్, బిడ్డ పాలు తాగింది" అన్నాను. "మాషా అల్లా" అన్నాడు, ఎవరి బిడ్డో అడగలేదు.

కాసేపటికి మాబున్ని చెయ్యి చాపింది. "ఇంటికి ఫోన్ చేసుకుంటా, అక్కా."

"చేసుకో, బిల్లు చూసి అరవడానికి మావారున్నారుగా" అన్నాను.

అత్తను పలకరించి, ఫోన్ పాప చెవి దగ్గర పెట్టమంది. ఈసారి అమ్మా అనమని బతిమాలలేదు. "నేనేమ్మా. ఆడుకో పో తల్లీ. నేను వస్తా, నీకాడికే వస్తా" అంది, అంతే. తర్వాత ఫోన్ చెవికి నొక్కుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"ఏమంది?" అన్నాను ఉండబట్టలేక.

"ఏం అన్లేదక్కా" అని గుసగుసగా చెప్పింది. "కానీ ఫోన్ పారెయ్యలేదు. వింటానే ఉండాది."