ఆంజనేయుడు కాపాడిన వైఫై డబ్బా

ఆ రోజుల్లో భయపడటం కూడా ఉద్యోగంలో భాగమే అనుకునేవాణ్ణి. బేగంపేటలో వైఫై డబ్బాలు తయారుచేసే ఓ చిన్న ఆఫీసులో చేరి అప్పటికి ఆరు నెలలు కావస్తోంది. ఆ శుక్రవారం కొనేవాళ్ల ముందు డబ్బా సరిగ్గా నడిస్తే ఉద్యోగం ఖాయం, లేకుంటే ఇంటికి. (మల్కాజ్‌గిరిలో మా అమ్మ నా ఉద్యోగం ఖాయమైపోయిందని కాలనీ అంతా చెప్పేసింది కూడా.) డబ్బాలోని చిప్పు, నేను రాసిన ప్రోగ్రాము ఒకే మెమరీని పంచుకుంటాయి. పంపాల్సిన సమాచారాన్ని అందులో పెట్టి చిప్పుకు అప్పగించాలి. పంపేశానని అది చెప్పేదాకా ఆ చోటు ముట్టకూడదు. చెప్పిందో లేదో ఎక్కడ చూసుకోవాలో నాకు తెలియలేదు, అడిగే ధైర్యమూ లేదు. అప్పగించిన మరుక్షణమే చోటు లాక్కుని కొత్త సమాచారం నింపేవాణ్ణి. పావుగంటకోసారి డబ్బా బిగుసుకుపోయేది, దాంతోపాటు నేనూ.

ఎక్కడ ఆగుతోందో పట్టుకుందామని గురువారం ప్రోగ్రాము మధ్యలో, చిప్పుకు అప్పగించిన ప్రతిసారీ ఒక లైను స్క్రీన్ మీద పడేలా పెట్టాను. ఏం రాయాలో తోచక "ఆంజనేయా కాపాడు" అని రాశాను. విచిత్రంగా డబ్బా ఆగలేదు. లైను తీసేస్తే ఆగింది, మళ్లీ పెడితే సాయంత్రం దాకా నడిచింది. దండం పెట్టి అలాగే వదిలేశాను.

మర్నాడు మా సార్ (ప్రతిదానికీ "జెర ఆగు" అంటారని మేం జెరాగు సార్ అనుకునేవాళ్లం) డబ్బా లోపలి పని చూపిద్దామని ఆ స్క్రీన్‌నే గోడ మీద పెద్దగా వేశారు. గోడ నిండా పైనుంచి కిందిదాకా ఆంజనేయా కాపాడు. నేను అందరి వెనక్కి జరిగాను. ఇదేం మంత్రమని కొనేవాళ్ల పెద్దాయన అడిగితే, మా లోపలి పరీక్ష అని సార్ ఎలాగో గట్టెక్కించారు. వాళ్లు వెళ్లాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ లైను తీసేశారు. కాసేపట్లోనే డబ్బా ఆగిపోయింది.

"దేవుడు కాదురా, ఆ లైన్ రాసేటందుకు పట్టే జెరంత టైమే నిన్ను కాపాడింది. గంతల చిప్పు పని అయిపోతున్నది. నన్నెందుకు అడగలే?" అన్నారు.

"భయమైంది సార్."

"నన్ను జూసి భయమెందుకురా? గిట్లనే అమ్మితే రేపు వాళ్ల ఇండ్లల్ల ఆగిపోతది. గా భయం ఉండాలె."

చిప్పు చెప్పేదాకా ప్రోగ్రాము ఆగేలా ఆ సాయంత్రమే ఇద్దరం సరిచేశాం. నా ఉద్యోగం మాత్రం ఇంకో మూడు నెలలకు గానీ ఖాయం కాలేదు. అన్నాళ్లూ అమ్మ కాలనీవాళ్లకు ఎదురుపడకుండా మోండా మార్కెట్‌కు చుట్టుదారిన వెళ్లింది.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూసి భయపడతారట, వింటే నవ్వొస్తుంది. వాళ్లలో ఎవరైనా వచ్చి "ఎట్లనో నడుస్తుంది సార్" అంటే చాలు, ఈ గదిలో అందరికంటే ఎక్కువ భయపడేది నేనే.