రమణక్క బల్ల మీద మా గిన్నె ఒక్కటే మిగిలిన పొద్దు

మా చిన్నప్పుడు... మైపాడులో తెల్లారేసరికి రమణక్క దోసెల కొట్టు ముందు బల్ల మీద గిన్నెలు వరసగా చేరేవి. ఒక్కో గిన్నె ఒక్కో పడవది. సాయంత్రం వేటకు పోయిన మగవాళ్ళు పొద్దున్నే నకనకలాడే ఆకలితో ఒడ్డు చేరేవాళ్ళు. అందుకని ఆడవాళ్ళు గిన్నె తెచ్చి అక్కడ పెట్టి, ఇసుకలో కూర్చుని ఎదురుచూసేవాళ్ళు.

పడవ కనబడ్డాకే రమణక్క ఆ గిన్నెకు దోసెలు పోసేది. సరుగుడు కట్టెల మంట, నల్లటి పెనం, ఎర్రకారం పూసిన దోసె, దాని మీద నిన్నటి చేపల పులుసు... ఆ రుచి కోసం నెల్లూరు నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళు. ఎంత పెద్దమనుషులైనా సరే, పడవ గిన్నెల తర్వాతే వాళ్ళ వంతు. "ఉండండయ్యా, సముద్రంలోంచి వచ్చే మనిషి ముందు" అనేది మొహమాటం లేకుండా.

మా పాలెంలో ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఇంటి మనిషి నీళ్ళ మీద ఉండగా, ఒడ్డున కూర్చున్న ఆడది సముద్రానికి వీపు చూపించకూడదు. ఎవరు పిలిచినా మెడ తిప్పేవాళ్ళు కాదు. అదే అదనుగా మేం పిల్లలం వెనక నుంచి జడలు లాగి పారిపోయేవాళ్ళం!

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడనుకుంటా... కార్తీకమాసం. రాత్రంతా గాలి ఇల్లు పీకేస్తుందేమో అన్నట్టు వీచింది. తెల్లవారాక పడవలు ఆలస్యంగా, ఒక్కొక్కటిగా వచ్చాయి. గిన్నెలు నిండి ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. చివరికి బల్ల మీద మాది ఒక్కటే మిగిలింది.

ఆ పడవలో మా నాయన, చిన్నాయన ఇద్దరూ ఉన్నారు.

చివరి పడవలో వచ్చినాయన మా అమ్మ దగ్గరికొచ్చి, తల దించుకునే చెప్పాడు. "వాళ్ళ ఇంజను ఆగిపోయినట్టుండాది వదినా... తాడు విసిరినాం, అందలా. తర్వాత వానలో కనబళ్ళా."

  నాకైతే ఏడిస్తే ఏమవుతుందో అని ఏడవడానికి కూడా భయమేసింది.

"రమణక్కా, మా నాయన వస్తాడా?" అని అడిగాను.

"వస్తాడు. ఏడవబాకమ్మా. పిండి ఉండాది, మంట ఉండాది... వచ్చినాక పోస్తా."

మామూలుగా బడి గంట కొట్టే వేళకు కొట్టు కట్టేసేది. ఆ రోజు కట్టలేదు. కారులో వచ్చినవాళ్ళు దోసెలు అడిగితే "అయిపోయినాయి" అంది. గుండిగ అడుగున పిండి ఉండటం నేను కళ్ళారా చూశాను. నాకు భయం ఇంకా ఎక్కువైంది. ఆ మంట ఆరిపోతే ఇక నాయన రాడని ఎందుకో గట్టిగా అనిపించింది. మంట కాస్త సన్నబడితే చాలు, పరిగెత్తి ఇంకో కట్టె తెచ్చి ఇచ్చేదాన్ని.

వచ్చిన పడవల వాళ్ళ ఆడవాళ్ళు కూడా ఇళ్ళకు పోలేదు. వాళ్ళ మగవాళ్ళకు తినిపించి, తిరిగొచ్చి మా అమ్మ చుట్టూ కూర్చున్నారు. ఎవరూ మాట్లాడలేదు. అందరి చూపూ నీళ్ళ మీదే.

ఎండెక్కాక నెల్లూరు బస్సు వచ్చి మా వెనక రోడ్డు మీద ఆగింది. ఎవరూ చూడలేదు... బస్సులో ఎవరొస్తే మాకెందుకు!

రమణక్క చేతిలో గరిటె మాత్రం గాల్లోనే ఆగిపోయింది.

"ఏందిమే, ఇంకా ఈడే కూర్చోనుండావా?"

మా నాయన గొంతు! ఒంటి మీద ఎవరిదో చొక్కా, కాళ్ళకు చెప్పుల్లేవు. నేను వెళ్ళి ఆయన కాళ్ళు చుట్టేసుకున్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు, ఆపడం ఎవరి తరమూ కాలేదు.

అమ్మ మాత్రం తిరగలేదు. పిడికిళ్ళ నిండా ఇసుక పట్టుకుని, సముద్రం వైపే చూస్తూ అడిగింది.

"చిన్నోడు యాడ?"

"బస్సు దిగతాండాడు."

అప్పుడు తిరిగింది మా అమ్మ.

ఇంజను చెడిపోయాక గాలి వాళ్ళను కృష్ణపట్నం దాకా తోసుకుపోయిందట. అక్కడ ఒడ్డున పడి, లారీ పట్టుకుని నెల్లూరు వచ్చి బస్సెక్కారు. మేమేమో కళ్ళు కాయలు కాచేలా సముద్రాన్ని చూస్తుంటే, మా నాయన కిటికీ పక్క సీట్లో కూర్చుని వచ్చాడు! "కబురు చేయాలని తెలవదా నీకు?" అని రమణక్క తిట్టిన తిట్లు పాలెమంతా వినబడ్డాయి. తిడుతూనే దోసెలు పోసింది.

ఇప్పుడు ఆ కొట్టు ఆమె కోడలిది. గ్యాసు పొయ్యి, రంగుల బోర్డు, ఆదివారమైతే కాలు పెట్టే సందుండదు. రుచి బాగానే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. గిన్నెలే లేవు. పడవల్లో ఫోన్లున్నాయి, సిగ్నల్ అందగానే ఇంటికి కబురొస్తుంది. మంచిదే... ఆనాటి భయం ఏ బిడ్డకూ వద్దు.

కానీ మొన్న గాలివాన రోజు వేటకు పోయిన చిన్నాయన కొడుకు ఫోను కలవలేదు. వాడి పెళ్ళాం తలుపేసుకుని, తెల్లవార్లూ నంబరు నొక్కుతూనే ఉందట. పక్కింట్లో, మొగుడు వేటకు పోయిన ఇంకో అమ్మాయిదీ అదే పని. మధ్యలో ఒక్క గోడ... మగవాళ్ళిద్దరూ క్షేమంగా వచ్చాక గానీ ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు.

మీరు వణికిపోతున్న వేళ, మాటా పలుకూ లేకుండా వచ్చి పక్కన కూర్చున్నవాళ్ళు ఉంటే వాళ్ళ గురించి కింద రాయండి. మా చిన్నప్పుడు భయపడటానికి కూడా తోడు దొరికేది...