విటోమిర్ మేస్త్రీ చెవి

మా లెస్కోవాత్స్ ఊళ్ళో కారు కొన్నవాళ్ళు మొదట చర్చికి తీసుకెళ్ళి ఫాదరు చేత నీళ్ళు చల్లించుకుంటారు. ఆ తర్వాత విటోమిర్ మేస్త్రీ షెడ్డుకి తీసుకొస్తారు. కంపెనీవాళ్ళు బిగించి పంపే స్పీకర్లంటే ఆయనకు పరమ అసహ్యం. తలుపు అట్ట ఊడదీసి, లోపలున్న స్పీకరును చచ్చిన ఎలుకలా రెండు వేళ్ళతో పట్టుకుని బయటికి తీసేవాడు.

"కాగితం! ఉత్త కాగితం! దీంట్లోంచి పాట వస్తోందని ఇన్నాళ్ళూ నమ్మావా?" అని కారు యజమానిని నిలదీస్తే, అతను తప్పు చేసినవాడిలా తల వంచుకునేవాడు.

ఆ షెడ్డు పక్కనే నా బూరెక్ దుకాణం. పల్చటి పిండి పొరల మధ్య మాంసమో జున్నో కూరి పొయ్యిలో కాల్చేదే బూరెక్. ముప్పై ఏళ్ళుగా ఒకే గోడ మా ఇద్దరికీ. నా పేరు దేసాంక. నాకు ముక్కుమీద కోపం, ఆయనకు నోటినిండా వెటకారం. అందుకేనేమో ఇన్నేళ్ళూ పొసగింది. రోజూ పదింటికి వచ్చి ఒక మాంసం బూరెక్, గ్లాసుడు పెరుగు తీసుకునేవాడు. తింటూ నా పొయ్యికీ, నా కొడుక్కీ, మా ఊరి మేయరుకీ వంకలు పెట్టేవాడు.

పని మాత్రం చూసి తీరాల్సిందే. తలుపు లోపలి రేకుకి మందపాటి తారు పట్టీలు అంటించి, చెక్క చట్రం తనే కోసి, కొత్త స్పీకరును అందులో కూర్చోబెట్టేవాడు. చిన్న బ్యాటరీ తీగలకు ఆనించి, స్పీకరు ముందుకు ఉబికిందా వెనక్కి పోయిందా అని వేలితో తాకి చూసుకునేవాడు. సన్నటి స్వరాల కోసం అద్దం మూలన బొటనవేలంత స్పీకరు ఒకటి పెట్టేవాడు. ట్వీటర్ అంటారు దాన్ని. అన్నీ అయ్యాక కారులో ఒక్కడే కూర్చుని, అద్దాలు ఎక్కించుకుని, ఒక పాత వయొలిన్ డిస్కు పెట్టి, కళ్ళు మూసుకుని అరగంట సేపు స్వరాలు సరిచేసేవాడు. ఆ అరగంటా దేవుడొచ్చినా బయట నిలబడాల్సిందే.

పోయిన ఏడాది వసంతంలో మొదలైంది గొడవ. కారు తీసుకెళ్ళినవాళ్ళు వారం తిరక్కుండా వెనక్కి రావడం మొదలుపెట్టారు.

"మేస్త్రీ, చెవులు చిల్లులు పడుతున్నాయి. ఆడమనిషి పాడుతుంటే సూదులు గుచ్చినట్టుంది."

"కొత్త స్పీకరు కొత్త కోడల్లాంటిది బాబూ. సర్దుకోడానికి నెల పడుతుంది. వెళ్ళు."

వెళ్ళినవాళ్ళు వేరే ఊళ్ళో వేరేవాళ్ళ చేత సరిచేయించుకున్నారని తర్వాత తెలిసింది.

నాకు అసలు సంగతి ఒక ఉదయం పదింటికి తెలిసింది. ఆయన నా బల్ల దగ్గర కూర్చుని తింటున్నాడు. బూరెక్ కాలిందని చెప్పే పొయ్యి గంట చెవి పక్కనే కీచుమని మోగింది. అటు చివరనున్న ముసలావిడ ఉలిక్కిపడింది. మేస్త్రీ మాత్రం తల కూడా తిప్పలేదు. ఆయన సన్నటి శబ్దాలు వినడం లేదు. వినపడవు కనకే ట్వీటర్ల మోత పెంచుకుంటూ పోతున్నాడు. వినేవాళ్ళ చెవులు మండిపోతున్నాయి.

ఆరు నెలలు నోరు మూసుకున్నాను. నా జీవితంలో అదే రికార్డు. సెప్టెంబరులో ఇంకో కారు వెనక్కి వచ్చినప్పుడు ఆపుకోలేకపోయాను.

"లోపం స్పీకర్లలో లేదు మేస్త్రీ. నీ చెవుల్లో ఉంది."

ఆయన మొహం ఎర్రబడింది. "పిండి పిసుక్కునేదానివి, నీకేం తెలుసు వదినా? నేను సరిచేసిన కార్లో ఇంత వంక ఎవరినైనా చూపించమను. ఆ రోజే ఈ షట్టరు దించేసి మిరపకాయలు పండించుకుంటా!"

పిండి పిసుక్కునేదాన్నట! ఆ మాట నాలుగు రోజులు నన్ను కాల్చింది. ఐదో రోజు, సంగీతం బళ్ళో వయొలిన్ చెప్పే నెవేన టీచరు కారు షెడ్డులో ఉంది. స్పీకర్లన్నీ బిగించాడు. తలుపు అట్టలు ఇంకా పెట్టలేదు. రెండింటికి ఆవిడ వచ్చి తీసుకెళ్తుంది. మేస్త్రీ బూరెక్ తింటుంటే, "పెరుగు అయిపోయింది, పక్క కొట్లోంచి తెస్తా" అని షెడ్డులోకి దూరాను. రెండు తలుపుల్లోనూ ట్వీటర్ల తీగలు పీకేశాను.

ఆయన వచ్చి కార్లో కూర్చున్నాడు, అద్దాలు ఎక్కించాడు, కళ్ళు మూసుకున్నాడు. అరగంట తర్వాత తలుపు తీశాడు. దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంది లోపల వయొలిన్. ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది.

"విను వదినా. ముప్పై ఎనిమిదేళ్ళలో ఇంత శుభ్రంగా ఎప్పుడూ కుదర్లేదు."

ఆయన మీద విసరడానికి పెద్ద ఉపన్యాసమే సిద్ధం చేసుకున్నాను. ఆ మొహం చూశాక అదంతా పక్కన పెట్టేశాను.

"మేస్త్రీ, అద్దం మూలనున్న చిన్నవి మోగట్లేదు."

"ఎందుకు మోగవు?"

"నేనే తీగలు పీకేశాను. నువ్వు తింటున్నప్పుడు."

నవ్వబోయాడు. వంగి చూశాడు. తీగలు రెండూ వేలాడుతున్నాయి. అవతలి తలుపు దగ్గరికి నడిచి అక్కడా చూశాడు. చేతులకు ఏమీ అంటకపోయినా గుడ్డ తీసుకుని తుడుచుకున్నాడు.

"నేను లోపలున్నంతసేపూ ఇంతేనా?"

"ఇంతే."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. చిన్న ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"వసంతం నుంచి."

"వసంతం నుంచి నువ్వు మాట్లాడకుండా ఉన్నావా? నువ్వు?"

"ఉన్నాను. అప్పుడే మెల్లగా చెప్పి ఉంటే ఈ పాడు పని చేసేదాన్ని కాదు" అని ఏడ్చేశాను. పిండి చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను.

మేస్త్రీ లేచి వెళ్ళి షట్టరు పిడి పట్టుకున్నాడు. మాట మీద నిలబడే మనిషి. దించితే మళ్ళీ ఎత్తడు. ఇంట్లో కూర్చుంటే ఆర్నెల్లలో ఎండిపోతాడు.

"రెండింటికి టీచరు వస్తుంది. ఆవిడ కారు ఇలాగే ఇచ్చేస్తావా?" అన్నాను.

పిడి వదిలాడు. తలుపు సందులోకి చెయ్యి పెట్టి, చూడకుండానే తీగలు వెతికి పట్టుకుని కలిపాడు. ఆ చేతులకు మాత్రం ఏ లోటూ లేదు. తర్వాత నా వైపు తలుపు తెరిచాడు.

"ఎక్కు."

"ఒళ్ళంతా పిండి మేస్త్రీ."

"ఎక్కమన్నానా!"

ఎక్కాను. డిస్కు పెట్టాడు. వయొలిన్ మొదలవగానే నాకు పంటికింద రాయి పడ్డట్టయింది.

"గుచ్చుతోందా?"

"బాగా."

కొంచెం తగ్గించాడు. "ఇప్పుడు?"

"ఇంకా." మళ్ళీ తగ్గించాడు. "ఇంకొంచెం. ఆగు. ఇక్కడ ఆపెయ్."

మీట మీంచి చెయ్యి తియ్యలేదు. "ఏం వినిపిస్తోంది?"

"వయొలిన్."

"అది నాకూ వినిపిస్తోంది. దాని పైన. సన్నగా."

నాకు సంగీతం ఓ ముక్క తెలియదు. ఆయనలాగే కళ్ళు మూసుకున్నాను. "విల్లు తిప్పినప్పుడల్లా చిన్న గీర. కొత్త కాగితం మడిచినట్టు. వాయించేవాడు ఊపిరి పీలుస్తున్నాడు. ముక్కుతో."

"జలుబు చేసినట్టు ఉందా?"

"అవును, జలుబే!"

మేస్త్రీ నవ్వాడు. నవ్వుతుండగానే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "డిస్కు పాడైందనుకున్నా వదినా. ఇంకోటి తెప్పించా. అందులోనూ ఆ జలుబువాడి ఊపిరి లేదు. వీడెక్కడికి పోయాడా అని..."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. పాట అయిపోయేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

నెవేన టీచరు రెండింటికి వచ్చింది. ఒక పాట మొత్తం విని బయటికి దిగింది. "మేస్త్రీ గారూ, విల్లు నా చేతిలోనే ఉన్నట్టుంది! ఏం చెవి అండీ మీది!"

ఆయన ఊరికే నవ్వి ఊరుకోవచ్చు. నేను నేల చూపులు చూస్తూ అదే కోరుకున్నాను.

"చెవి నాది కాదు టీచరమ్మా" అన్నాడు. ఈమధ్య అలవాటైన పెద్ద గొంతుతోనే అన్నాడు. ఎదురుగా మంగలి కొట్లో కూర్చున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు. "సన్నటి శబ్దాలు నాకు వినపడ్డం మానేశాయి. వినిపెట్టింది ఈవిడ. చేసింది నేను."

ఆవిడ ఆయన వైపూ, నా పిండి గౌను వైపూ చూసింది. "మా చెల్లెలి కారు కూడా చేయించాలి. వచ్చే మంగళవారం మీరిద్దరూ ఉంటారా?"

మేస్త్రీ నా వైపు చూశాడు. ముప్పై ఏళ్ళలో ఆ మనిషి నన్ను ఏదీ అడగడం నేను చూడలేదు.

"ఉంటాం" అన్నాను.